పెట్టె విప్పేది ఒక్కసారే... చూసేది నాలుగు దీవులు!

హయత్‌నగర్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై మచిలీపట్నంలో ఆగుతుంది. కుతుబ్‌షాహీల కాలంలోనూ గోల్కొండ నుంచి సముద్రానికి దారి ఇటే. వజ్రాలూ అద్దకం బట్టలూ ఈ దోవనే బందరు రేవుకు చేరి, అక్కడ ఓడలెక్కి పర్షియా దాకా పోయేవి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు హయత్ బక్షీ బేగం పేరున వెలసిన ఊరే హయత్‌నగర్. ఇక్కడి పాత మసీదు చుట్టూ బాటసారులు రాత్రికి తలదాచుకునేందుకు వందకు పైగా గదులతో సరాయి కట్టారు. పక్కనే హాథీ బావడి అనే బావి. సముద్రం కనపడని ఊరే కానీ, సముద్రానికి పోయేవాళ్లను చూడని ఊరు కాదు.

ఇప్పుడు పోయేవాళ్లు బందరు వైపు పోవడం లేదు. పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్‌లో విమానం పట్టుకుంటున్నారు. ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఏ కాలనీలో అడిగినా, పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు వరుసగా కనిపిస్తాయి. అమ్మానాన్నలు వెళ్తే ఆరు నెలలు. మొదటిసారి నయాగరా, వాషింగ్టన్, న్యూయార్క్ విగ్రహం అయిపోతాయి. రెండోసారి మనవడో మనవరాలో పుట్టిన సందడి. మూడోసారికి పిల్లలకు తోచేది హవాయి ఓడ ప్రయాణం. తిరిగొచ్చాక వనస్థలిపురం రైతుబజారులో బెండకాయలు ఏరుకుంటూ ముచ్చట ఇలా సాగుతుంది:

“ఈసారి పిల్లలు యాడికి తీస్కపోయిన్రు వదినా?”

“హవాయి పోయినం. ఓడ మీద వారం దినాలు తిప్పిన్రు.”

“నడి సముద్రంల భయం గాలేదా?”

“ఓడ కదిలినట్టే తెల్వలేదమ్మా. రాత్రి పండుకుంటే తెల్లారేసరికి ఇంకో ఊరు.”

ఆ చివరి మాటలోనే హవాయి క్రూయిజ్ కిటుకంతా ఉంది. మామూలుగా క్రూయిజ్ అంటే రోజుల తరబడి నీళ్లు, ఓడలోనే ఆటలు, పాటలు, జూదం. ఇక్కడ ఓడ రాత్రిపూట నడుస్తుంది, పగలు రేవులో కట్టేసి ఉంటుంది. సముద్రం చూపించడానికి కాదు, నేల చూపించడానికి పుట్టిన ప్రయాణం ఇది. ఓడ నడిచే సత్రం, అంతే. నాలుగు దీవులకూ విమానాల్లో తిరిగితే నాలుగు హోటళ్లు, నాలుగుసార్లు సామాన్లు సర్దుడు. ఇక్కడ పెట్టె ఒక్కసారి విప్పి బట్టలు అలమరలో పెట్టుకుంటే మళ్లీ వారం దాకా ముట్టుకోనక్కర్లేదు. అరవై దాటిన ప్రాణానికి ఇదే పెద్ద సుఖం.

ఉన్నది ఒక్కటే ఓడ

ఏడాది పొడవునా, వారం వారం హోనొలులులో బయల్దేరి హవాయి దీవులనే చుట్టి మళ్లీ హోనొలులు చేరే పెద్ద ఓడ ప్రపంచంలో ఒక్కటే. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ వాళ్ల ‘ప్రైడ్ ఆఫ్ అమెరికా’. మిగతా కంపెనీలు ఎందుకు నడపవంటే, అమెరికాలో 1886లో వచ్చిన ఒక చట్టం అడ్డం. విదేశీ జెండా ఎగరేసే ఓడ అమెరికాలో ఒక రేవున ప్రయాణికులను ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవున దించకూడదు. ఎక్కినచోటే దించాలన్నా నడుమ ఒక విదేశీ రేవును ముట్టి రావాలి. పెద్ద క్రూయిజ్ ఓడల్లో దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల్లో రిజిస్టరైనవే. హవాయి చూస్తేనేమో పసిఫిక్ నట్టనడుమ. దగ్గర్లో పరాయి దేశమే లేదు. ఒకప్పుడు ఇదే కంపెనీ వేరే ఓడలను కిరిబాటి దేశానికి చెందిన ఫ్యానింగ్ అనే చిన్న దీవికి తిప్పేది. వెయ్యి మైళ్లకు పైగా దూరం, కేవలం చట్టం కోసం! ఇప్పటికీ కాలిఫోర్నియా నుంచి హవాయి వెళ్లొచ్చే విదేశీ ఓడలు మెక్సికోలోని ఎన్సెనాడాలో ఆగి మొక్కుబడి తీర్చుకుంటాయి. వాటిలో ఎక్కితే రానూపోనూ ఎనిమిది, తొమ్మిది రోజులు నీళ్లే. పిల్లలు చవగ్గా వచ్చిందని ఆ టికెట్ కొనేస్తే, ఓడంటే మొహం మొత్తడం ఖాయం.

ప్రైడ్ ఆఫ్ అమెరికా అమెరికా జెండా ఓడ. దాని పుట్టుకే ఒక కథ. మిసిసిపీ రాష్ట్రంలోని పాస్కగూలాలో వేరే కంపెనీ కోసం కట్టడం మొదలుపెట్టారు. 2001లో ఆ కంపెనీ దివాలా తీసింది. సగం కట్టిన ఓడను కొత్త యజమానులు సముద్రం మీద జర్మనీకి లాక్కుపోయారు. పని చివరికొచ్చిన దశలో, 2004 జనవరిలో, తుపాను గాలికి రేవులోనే సగం మునిగింది. ఎలాగో తేల్చి, బాగుచేసి 2005లో నీళ్లకు వదిలారు. జర్మనీలో పూర్తయిన ఓడకు అమెరికా జెండా కట్టేందుకు అమెరికా కాంగ్రెసే ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. సుమారు 80 వేల టన్నులు. గదికి ఇద్దరి లెక్కన రెండు వేల మందికి పైగా పడతారు. హవాయిలో జూదం నిషేధం కాబట్టి కాసినో లేదు. గోవా పోయి జేబులు ఖాళీ చేసుకొచ్చే మన మామయ్యల విషయంలో ఇది ఇంటిల్లిపాదికీ ఊరట.

రేవులన్నీ అమెరికావే కావడంతో ఇంకో లాభముంది. అమ్మానాన్నలకున్న విజిటర్ వీసాయే చాలు, దారిలో దేశం దాటడం ఉండదు. ఎన్సెనాడా ముట్టి వచ్చే ఓడైతే దేశం దాటి మళ్లీ అడుగుపెట్టినట్టు. వీసా మీద ‘మల్టిపుల్’ అని ఉందో లేదో చూసుకోవాలి.

మర్రి మళ్లీ చిగురించింది

సాధారణంగా శనివారం సాయంత్రం ఓడ కదులుతుంది. అప్పుడు మన దగ్గర ఆదివారం పొద్దున. హోనొలులుకూ హైదరాబాద్‌కూ పదిహేనున్నర గంటల తేడా. ఆది, సోమవారాలు మావీ దీవిలోని కహులుయి రేవు. అక్కడ అందరూ పరుగెత్తేది 10 వేల అడుగుల హలెయకలా శిఖరం మీద సూర్యోదయానికి. కారుకు ముందే స్లాట్ బుక్ చేసుకోవాలి, పైన చలి వణికిస్తుంది. హవాయికి స్వెట్టరెందుకని ఇంట్లో వదిలేసి వెళ్తే కష్టమే.

మన కన్ను ఆగాల్సింది లహైనాలో అనిపిస్తుంది. 2023 ఆగస్టు 8న కార్చిచ్చు ఆ పాత ఊరిని బూడిద చేసింది. వంద మందికి పైగా చనిపోయారు. ఊరి నడుమ ఒక మర్రి ఉంది. ఇండియా నుంచి తెచ్చిన మొక్కను 1873లో నాటారు, ఊడలు దిగి 60 అడుగుల ఎత్తున తోపులా విస్తరించింది. మంటల్లో ఆకంతా మాడిపోయింది. చెట్ల వైద్యులు నీళ్లు పట్టి, వేళ్లకు ఎరువు కషాయాలు పోసి నెలల తరబడి సాకారు. మళ్లీ చిగురేసింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పట్టినప్పుడు, 2018లో, కొమ్మకొమ్మకూ సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించిన సంగతి మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. లహైనాలో పునర్నిర్మాణం ఇంకా సాగుతోంది. కాలిన ఇళ్ల ముందు సెల్ఫీలు దిగొద్దని అక్కడివాళ్లు కోరుతున్నారు. వెళ్తే ఆ మర్యాద పాటించాలి.

హీలోలో అల, హైదరాబాద్‌లో గంట

మంగళవారం హీలో. బిగ్ ఐలండ్ తూర్పు తీరాన, దాదాపు మన ఆదిలాబాద్ అక్షాంశం మీదే ఉంటుంది. అందుకే కాబోలు దిగగానే కొత్త అనిపించదు. కొబ్బరి, మామిడి, జామ, దేవగన్నేరు. చెరకు తోటల్లో ఎలుకల కోసం 1883లో జమైకా నుంచి తెచ్చిన ముంగిసలు రోడ్డుకు అడ్డంగా పరుగెడుతుంటాయి. జమైకాకు అవి వెళ్లింది మన కలకత్తా నుంచే. ఎలుకలు తిరిగేది రాత్రి, ముంగిసలు వేటాడేది పగలు. ఎలుకలు బతికిపోయాయి, నేల మీద గూళ్లు పెట్టే పక్షుల గుడ్లు పోయాయి.

ఇక్కడి నుంచి గంటలోపే అగ్నిపర్వతాల నేషనల్ పార్కు. అక్కడి కీలవేయ అగ్నిపర్వతం 2024 డిసెంబరు 23 నుంచి నెలల తరబడి విడతలు విడతలుగా లావా ఎగజిమ్మింది. మనం వెళ్లిన రోజే ఎగజిమ్మాలని రూలేం లేదు. ఆవిర్లు చూసి వచ్చేవాళ్లే ఎక్కువ. అగ్నిపర్వతం పెలే అమ్మవారి నివాసమని అక్కడి జనం నమ్మకం. నల్లరాయి ఒకటి జేబులో వేసుకోవాలని చేయి లాగుతుంది. పార్కులో రాయి తీయడం నేరం. తీసుకెళ్లి, ఇంట్లో కీడు జరిగిందని భయపడి పోస్టులో తిప్పి పంపేవాళ్లు ఎందరో!

ఓడవాళ్లు పెద్దగా చూపించనిది హీలో సముద్రతీరం. ఊరి బజారుకూ నీళ్లకూ నడుమ విశాలమైన పచ్చిక మైదానాలున్నాయి. ఒకప్పుడు అక్కడ ఇళ్లు, దుకాణాలు. 1946 ఏప్రిల్ 1న అలాస్కా వైపు భూకంపంతో లేచిన సునామీ హవాయిలో 159 మందిని బలిగొంది. ఎక్కువ మంది హీలో వాళ్లే. ఆ దెబ్బతో 1949లో పసిఫిక్ హెచ్చరికల కేంద్రం పెట్టారు. 1960 మేలో చిలీలో భూమి కంపించినప్పుడు సైరన్లు మోగాయి. అయినా చాలామంది కదల్లేదు. హీలోలో 61 మంది పోయారు. ఆ తర్వాతే ఒడ్డున మళ్లీ ఇళ్లు కట్టకుండా ఖాళీగా వదిలేశారు.

మనకు అలాంటి ఏర్పాటు 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత గానీ రాలేదు. వచ్చింది ఎక్కడికనుకున్నారు? సముద్రం లేని హైదరాబాద్‌కే. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం పనిచేస్తోంది. హిందూ మహాసముద్రంలో భూకంపం వస్తే మనకు గంట మోగేది అక్కడే. హయత్‌నగర్ నుంచి సిటీ అవతలి కొసకు బస్సులో పోతే వచ్చే చోటు.

కోనాలో మోకాళ్లు జాగ్రత్త

బుధవారం కోనా. ఓడ ఒడ్డు దాకా రాదు, చిన్న పడవల్లోకి దిగాలి. పడవ అలకు పైకి లేస్తుంది, కిందికి జారుతుంది. ఇద్దరు సిబ్బంది చెరో మోచేయీ పట్టుకుని, పడవ పైకి లేచిన క్షణం చూసి ‘ఇప్పుడు’ అంటారు. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో రెయిలింగు పట్టుకుంటే పట్టుకోవడానికి మూడో చేయి ఉండదు. ఆ రోజుకు పంజాబీ డ్రెస్సే మేలు. కాఫీ తోటలు చూడొచ్చు. అరకు కాఫీ తాగినవాళ్లకు ధర చూసి నవ్వొస్తుంది.

నీళ్లంటే భయం ఉన్న ఇళ్లు మనకు తక్కువేం కాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో, కచ్చులూరు దగ్గర మునిగిన పడవలో తెలంగాణ వాళ్లే ఎంతోమంది. లైఫ్ జాకెట్లు ఉన్నా అందరి ఒంటి మీదా లేవు. ఈ ఓడలో బయల్దేరేముందే ప్రతి ఒక్కరూ తమకు కేటాయించిన చోటికి వెళ్లి హాజరు వేయించుకోవాలి, జాకెట్ ఎలా తొడుక్కోవాలో చూడాలి. టీవీ చూస్తూ గదిలో కూర్చుంటామంటే కుదరదు. విసుగనిపించినా, అమ్మానాన్నలను ఆ పది నిమిషాలు శ్రద్ధగా చూడమనండి.

కవాయిలో తెల్లరాతి గుడి

గురు, శుక్రవారాలు కవాయి, నావిలివిలి రేవు. మనవాళ్లకు ఈ దీవి మీదే మమకారం ఎక్కువ. వైలువా నది ఒడ్డున శైవ మఠం ఉంది. శివాయ సుబ్రమునియస్వామి అనే అమెరికన్ గురువు 1970లో స్థాపించారు. అక్కడి ఇరైవన్ గుడి కోసం బెంగళూరు దగ్గర తమిళ శిల్పులు 1990ల నుంచి ఉలీ సుత్తీతో రాయి చెక్కారు, యంత్రాలు ముట్టలేదు. ముక్కలన్నీ ఓడల్లో వచ్చాయి. నమూనా గీసింది గణపతి స్థపతి. పునాదిలో ఇనుప ఊచ ఒక్కటీ లేదు. తుప్పు పడితే వెయ్యేళ్లు నిలవదని బూడిద కలిపిన కాంక్రీటుతో పోశారు. గర్భగుడిలో స్ఫటిక లింగం. 2023 మార్చిలో కుంభాభిషేకం అయింది. దర్శనానికి ముందే ఆన్‌లైన్‌లో చోటు చెప్పుకోవాలి, నిక్కర్లతో పోనివ్వరు. ఓడవాళ్లు అమ్మే టూర్ల మీద ఆధారపడకుండా, రేవులో కారు అద్దెకు తీసుకుని కొడుకో కూతురో నడిపితే రెండు రోజుల్లో గుడీ, వైమేయ లోయా నింపాదిగా చూడొచ్చు. టూర్ల ధరలు మాత్రం నిలువుదోపిడీయే.

శుక్రవారం మధ్యాహ్నం ఓడ ఈ వారంలో మొదటిసారి పగటిపూట నడుస్తుంది. నాపలి తీరం కోసం. నాలుగు వేల అడుగుల దాకా నిలువుగా లేచిన పచ్చటి కొండలు, వాటి ముడతల్లో జలపాతాలు. అక్కడికి రోడ్డు లేదు. ఓడ ఆ తీరం ముందు తిరుగుతుంది కాబట్టి రెండు వైపుల వాళ్లకూ కనిపిస్తుంది. బాల్కనీ గదికి అంత డబ్బు పోయనక్కర్లేదు, పై డెక్కు చాలు.

తిండి సంగతి. శాకాహారులు బుక్ చేసేటప్పుడే చెప్పాలి, ఓడెక్కాక హెడ్ వెయిటర్‌కు మళ్లీ చెప్పాలి. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు. ఒడ్డున దొరికే ‘పోయి’ అనే వంటకం తినిచూడండి. చేమదుంపను ఉడికించి, దంచి, పలచగా చేసిందే. మన చేమదుంపల పులుసు అలవాటైన నోటికి చప్పగా ఉంటుంది. జీడిపాకం లాంటి ఆ జిగురును వాళ్లు ప్రాణంగా చూసుకుంటారు. టికెట్ ధరకు తోడు సర్వీసు చార్జీ రోజుకు మనిషికి సుమారు ఇరవై డాలర్లు పడుతుంది. దాన్ని మర్చిపోయి లెక్కేస్తే చివరి రోజు బిల్లు చూసి పిల్లల మొహం మాడుతుంది.

శనివారం పొద్దున ఏడింటికి మళ్లీ హోనొలులు. వెంటనే విమానం ఎక్కకుండా ఒక్కరోజు ఆగితే పెర్ల్ హార్బర్ చూడొచ్చు. 1941 డిసెంబరు 7న మునిగిన అరిజోనా యుద్ధనౌక ఇప్పటికీ నీటి అడుగునే ఉంది. 1,177 మంది దానితో పోయారు. దాని మీదుగా కట్టిన తెల్లటి స్మారకానికి నేవీ పడవలో తీసుకెళ్తారు. టికెట్లు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవడం మేలు. హ్యాండ్‌బ్యాగులు లోపలికి రానివ్వరు, గేటు దగ్గర డబ్బు కట్టి దాచుకోవాలి. మందుల డబ్బా, కళ్లజోడు ముందే జేబులో పెట్టుకుంటే సరి.