కట్టెల కోట

కోట యన్నంతనే మన కన్నులకు గట్టు రాతి బురుజులు గాని, నీటి అగడ్తలు గాని అమెరికా పశ్చిమసీమలోని సైనిక దుర్గములలో పెక్కింటికి లేవు. మోంటానా బంగారు గనులకు పోవు బోజ్‌మన్ బాటను కాపాడుటకై, లకోటా జనులకు అన్నవస్త్రములను సమకూర్చు బైసన్ మందలు మేసెడి పౌడర్ నదీ ప్రాంతమున, 1866లో కర్నల్ కారింగ్టన్ కట్టించిన ఫిల్ కర్నీ కోట సైతము పైన్ దుంగలను నిలువున పాతి దడిగా గూర్చినదే. ఆ బాటకు సమ్మతి నీయుడని లారమీ కోటలో అమెరికా దూతలు లకోటా నాయకులను బ్రతిమాలుచుండగనే కారింగ్టన్ సేనతో అచటికి దిగెను. అడుగుటకు ముందే ఆక్రమించుటకు సిద్ధపడినవారితో మాటలేల యని కాబోలు, ఆ నాయకులలో నొకడైన రెడ్ క్లౌడ్ సభ విడిచి పోయెను.

కోట వెలసినది పచ్చికబయలు. వంటకు, చలికాగుటకు, గోడలకు, కప్పులకు సమస్తమునకును కలపయే దిక్కు. ఆ కలప అయిదారు మైళ్ల యవతలి పైన్ వనములలో నుండెను. దినదినమును బండ్ల వరుస యొకటి అడవికి పోవలెను. దానిపై దాడి జరిగినచో గుట్టమీది కావలివాడు జెండా యూపి తెలుపవలెను. వెంటనే కోటనుండి సాయము పరుగెత్తవలెను. బాటను కాపాడ వచ్చిన సైన్యమునకు తన పొయ్యిలోని కట్టెను కాపాడుకొనుటయే పెద్ద పని యైనది.

ఆ యేటి డిసెంబరు 21న అట్లే బండ్లకు సాయముగా వెడలిన కెప్టెన్ ఫెటర్‌మన్, పారిపోవుచున్నట్లు నటించిన కొలదిమంది రౌతుల వెంటబడి, దాటవలదని తాను ఆజ్ఞాపించితినని కారింగ్టన్ పిమ్మట చెప్పిన గుట్టను దాటెను. ఆవల పొంచియున్న లకోటా, షయాన్, అరాపహో వీరుల నడుమ చిక్కిన 81 మందిలో ఒక్కడును మిగులలేదు. అమెరికనులు దీనిని చిరకాలము మారణకాండ యనిరి. ఆయుధపాణులు ఆయుధపాణులతో సలిపిన పోరునకు ఆ పేరెట్లు చెల్లునో!

అమెరికా లకోటాలతో చేసిన 1868 సంధి ననుసరించి సైన్యము కోటను విడిచినది. యోధులు దానికి నిప్పుపెట్టిరి. అటుపిమ్మట నవంబరులో గాని రెడ్ క్లౌడ్ సంధిపత్రముపై గురుతు పెట్టలేదు. ఆ పత్రమే లకోటాలకు విడిచిన బ్లాక్ హిల్స్‌లో 1874లో బంగారము కనబడగా, మూడేండ్లలో ఆ కొండలును పోయినవి. అందులకై 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఖాయపరచిన పదికోట్ల డాలర్లకు మించిన పరిహారమును వారు ముట్టలేదు. వారడుగునది ఆ కొండలనే.