కోటగోడల్లో మిగిలిన మాటలు

విజయనగరం కోట తూర్పు సింహద్వారాన్ని నగర్‌ఖానా అంటారు. ఆ పేరు నగరం అన్న మాట నుంచి వచ్చిందనుకునే పిల్లలను మేము చాలామందిని చూశాం. నిజానికి అది నఖ్ఖార్‌ఖానా. రాజాజ్ఞలనూ, ముఖ్య అతిథుల రాకనూ ఈ ద్వారం దగ్గర నగారా మోగించి ఊరికి తెలియజేసేవారు. కోట కట్టడం తెలుసుకోవాలంటే ఇలాంటి మాటల దగ్గర మొదలుపెట్టడమే సులువని మా అభిప్రాయం.

కందకం అంటున్నామే, అది అరబీలోని ఖందఖ్. అరబీకి ఆ మాట పారశీకం నుంచి వచ్చింది. ఆ పని కూడా అక్కడి నుంచే వచ్చింది. హిజ్రీ 5వ సంవత్సరంలో (క్రీ.శ. 627) శత్రువులు పదివేల మందితో మదీనా మీదికి వస్తున్నప్పుడు కందకం తవ్వుదామని సలహా ఇచ్చినవారు పారశీకులైన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి). మిగిలిన దిక్కుల్లో నల్లరాతి నేలలు, ఖర్జూర తోటలు అడ్డుగా ఉన్నందున తెరిపిగా ఉన్న ఉత్తరం వైపు తవ్వారు. దైవప్రవక్త (స) కూడా స్వయంగా మట్టి మోశారు. గుర్రాలు ఆ గుంటను దాటలేక ఆగిపోయాయి. కందకం పని ఎక్కడైనా అదే. శత్రువును గోడ దాకా రానివ్వకూడదు. విజయనగరం కోట చుట్టూ కూడా కందకం ఉండేది.

బురుజు కూడా అరబీ మాటే. ఖుర్ఆన్ 85వ సూరా పేరు బురూజ్, అంటే బుర్జ్‌కు బహువచనం. ఈ కోట చతురస్రం. ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు, గోడ ఎత్తు 10 మీటర్లు. నాలుగు మూలలా రాతి బురుజులు అడుగున వెడల్పుగా ఉండి, పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. ఆ వాలు అందం కోసం కాదు. అడుగు మందంగా ఉంటే పునాది తవ్వి గోడను కూల్చడం కష్టం. పైనుంచి వదిలిన రాయి వాలుకు తగిలి ఎగిరి కింద ఉన్నవారి మీద పడుతుంది. 1271లో సుల్తాన్ బైబర్స్ పట్టుకున్న సిరియాలోని హిస్నుల్ అక్రాద్ కోటకూ ఇలాంటి ఏటవాలు గోడే ఉంది.

పడమటి ద్వారం చిన్నది. రాజవంశీకుల సమాధుల వైపు దారి అదే. లోపల ఔంధ్‌ఖానా అనే ఎనిమిది పలకల రాతి స్నానశాల ఉంది. మెలికల మెట్లెక్కితే పైన నీళ్ల తొట్టి.

ఈ కోటకు 1713లో విజయనామ సంవత్సరం విజయదశమినాడు శంకుస్థాపన జరిగింది. అప్పట్లో అదంతా అడవి. ఆ అడవిలో తపస్సు చేసుకుంటున్న మహబూబ్ వలీ అనే ఫకీరు రాజుకు ఈ స్థలం చూపించారని స్థానికులు తరతరాలుగా చెప్పుకుంటారు.

బొబ్బిలి కథ కూడా మనవారి పేరుతోనే మొదలవుతుంది. శ్రీకాకుళంలో 1641లో జామియా మసీదు కట్టించిన ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన పెద్దరాయుడికి ఆ జమీ దక్కింది. షేర్ అంటే పులి. ఉపకారి పేరు నిలవాలని ఊరికి పెద్దపులి అని పేరు పెట్టాడనీ, అదే బెబ్బులిగా, తర్వాత బొబ్బిలిగా మారిందనీ అంటారు.

బొబ్బిలి కోటకు రాతిగోడ లేదు, మట్టిగోడే. మన ఊళ్లలో మట్టిగోడ పెట్టే పద్ధతి అందరికీ తెలిసిందే. ఒక వరస పెట్టి, అది బాగా ఎండాకే మరో వరస. మందంగా పెడితే ఫిరంగి గుండు రాతిని పగలగొట్టినట్టు మట్టిని పగలగొట్టలేదు, అందులోనే కూరుకుపోతుంది. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి ఫిరంగులతో వచ్చాడు. విజయనగరం రాజు పెద విజయరామరాజు అతని పక్షాన ఉన్నాడు. పిట్టగోడలు కూలాయి. అయినా నిచ్చెనలు వేసి ఎక్కినవారిని లోపలివారు చాలాసేపు గోడ మీద కాలూననివ్వలేదు. ఇక నిలవలేమని తేలాక ఆడవాళ్లనూ పిల్లలనూ తమవారే చంపారు. శత్రువు చేత చిక్కకూడదని. కోట గురించి పిల్లలకు చెప్పేటప్పుడు ఈ మాట దాటవేయకూడదని మేము అనుకుంటాం.

గెలిచిన విజయరామరాజు ఆ తర్వాత మూడు రాత్రులే బతికాడు. తాండ్ర పాపారాయుడు అతన్ని డేరాలోనే పొడిచి చంపాడు.