బజారుకెళ్దాం.. బ్యాగులో గ్లూకోజు పెట్టుకుని!

‘నడవండి’ అని చెబితే మా ఓపీలో సగం మంది ముఖం తిప్పేసుకుంటారు. పార్కు దూరమంటారు, మోకాళ్లు నొప్పులంటారు, తోడెవరూ లేరంటారు. అందుకే ఈమధ్య మాట మార్చాను. ‘ఆదివారం ఇంటిల్లిపాదీ బజారుకు వెళ్లిరండి’ అంటున్నాను. దీనికి మాత్రం ఎవరూ కాదనడం లేదు. బజారులో తిరిగేటప్పుడు నడుస్తున్నామన్న సంగతే గుర్తుండదు. రోజంతా గదిలో ఒంటరిగా కూర్చునే పెద్దవాళ్లకు నలుగురితో బేరమాడటం కూడా మందులాంటిదే.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఈ విషయంలో కొదవ లేదు. పొద్దున ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి రైతుబజార్లు. సాయంత్రం మాదాపూర్ శిల్పారామం. రాత్రి చార్మినార్, లాడ్‌బజార్. మూడూ ఒకే రోజు చుట్టేయాలనుకోకండి. వయసులో ఉన్నవాళ్లకే ఒళ్లు హూనమవుతుంది. వారానికొకటి పెట్టుకోండి. ఇంట్లో బీపీ, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఉంటే కొన్ని సంగతులు ముందే తెలుసుకుని బయల్దేరండి.

ఆకుకూరలు అందరికీ ఒకటి కాదు

దళారుల బెడద లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలన్న ఆలోచనతో ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. పొద్దున్నే వెళ్తే తోటకూర, గోంగూర, చుక్కకూర, బచ్చలి, గంగవాయిలి కూర కట్టలు మంచు తడి ఆరకుండానే దొరుకుతాయి. చూడగానే పది కట్టలు సంచిలో వేసుకోవాలనిపిస్తుంది. చాలామందికి అది మంచిదే.

గుండె కవాటం మార్పిడి జరిగి రక్తం పల్చబడే మాత్రలు (ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటివి) వాడుతున్నవాళ్ల సంగతి వేరు. ఆకుకూరల్లోని విటమిన్ ‘కె’ ఈ మాత్రల పనికి అడ్డుపడుతుంది. నెలంతా ముట్టకుండా, బజారుకెళ్లి వచ్చిన వారం రెండు పూటలా ఆకుకూరే తింటే మందు ప్రభావం తగ్గి కవాటం మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అలాగని పూర్తిగా మానేయక్కర్లేదు. వారానికి ఎంత తింటున్నారో ఎప్పుడూ దాదాపు అంతే తినండి. తిండి బాగా మారితే ఐఎన్ఆర్ పరీక్ష త్వరగా చేయించుకోండి. మాత్ర మోతాదు మాత్రం మీ అంతట మీరు మార్చవద్దు.

కిడ్నీ జబ్బు ముదిరి రక్తంలో పొటాషియం పెరిగినవాళ్లు ఆకుకూరల్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండుకోవాలి. ‘పోషకాలు పోతాయి డాక్టర్’ అని కోడళ్లు బాధపడతారు. ఇక్కడ పోవాల్సిందే పోతోంది. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర, చుక్కకూర, గోంగూర బాగా తగ్గించాలి. ఎప్పుడైనా తిన్నా, అదే భోజనంలో పెరుగు ఉండేలా చూసుకోండి. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టేస్తుంది.

కూరగాయల్ని కడగడానికి సబ్బు, సర్ఫు అక్కర్లేదు. ధారగా పడే నీళ్ల కింద చేత్తో రుద్ది కడిగితే చాలు.

కొత్త చెప్పులు, సుర్మా

శిల్పారామంలో కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మల దగ్గర పిల్లలు కదలరు. ఏటికొప్పాక బొమ్మలకు లక్కలో మొక్కల నుంచి తీసిన రంగులు కలిపి పూయడం ఆ ఊరి సంప్రదాయం. అయితే ఆ పేరుతో అమ్మేవన్నీ అలాగే చేసినవని అనుకోవద్దు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు కొనేటప్పుడు ఏ రంగు వేశారో అడగండి. తడిగుడ్డతో రుద్దితే రంగు అంటుకునే బొమ్మను షోకేసులో పెట్టుకోండి, పిల్లాడి చేతికివ్వకండి.

సుర్మా విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. కొన్ని రకాల సుర్మాలో ఉండేది సీసం. పసిపిల్లల కళ్లకు పెడితే, కళ్లు నలిపిన చేయి నోట్లోకి వెళ్తుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే ఫర్వాలేదు అనే లెక్క లేదు. కొనవద్దు.

ఇక చెప్పులు. అందంగా కనిపించిన తోలు చెప్పులు కొని, పాతవి కవర్లో వేసి, కొత్తవాటితోనే రెండు గంటలు తిరిగేస్తాం. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. పట్టీ ఒరుసుకుంటున్నా తెలియదు. ఇంటికొచ్చి చూస్తే బొబ్బ, వారానికి పుండు. ఇలాంటి పుండుతో మొదలై వేలు తీసేయాల్సి వచ్చినవాళ్లు మా వార్డుకు వస్తూనే ఉంటారు. చెప్పులు సాయంత్రమే కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. మొదట ఇంట్లో రోజుకో అరగంట చొప్పున వేసుకుని అలవాటు చేసుకోండి. బజారు నుంచి రాగానే మీ నాన్నగారి అరికాళ్లు మీరే ఒకసారి చూడండి. వంగి చూసుకోవడం ఆయన వల్ల కాదు.

రాత్రి బజారులో ‘చెమటలు’

రంజాన్ నెలలో చార్మినార్ చుట్టుపక్కల రాత్రంతా పగలే. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్ రుచి చూడాలని ఎవరికి ఉండదు? గోధుమలు, మాంసం, నెయ్యి కలిసి గంటల తరబడి ఉడికిన వంటకం అది. పొగలు కక్కుతుండగా తింటే క్రిముల భయం తక్కువే. భయపడాల్సింది దాని పక్కనున్న పచ్చి ఉల్లిపాయ ముక్కలకు, కోసి పెట్టిన పండ్లకు, చెరకు రసంలోని ఐసుకు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఒక ప్లేటు ఇద్దరు పంచుకోండి. దాని మీద బిర్యానీ వద్దు.

అసలు ప్రమాదం మరొకటి ఉంది. ఇన్సులిన్ తీసుకునే పెద్దాయన ‘వెళ్లగానే తినేద్దాంలే’ అని ఎనిమిదింటికి ఇంట్లోనే ఇంజెక్షన్ వేసుకుని బయల్దేరతాడు. మదీనా దగ్గర ట్రాఫిక్. పార్కింగ్ వెతుకులాట. అక్కడి నుంచి నడక, హలీమ్ టోకెన్ కోసం లైను. తొమ్మిదిన్నర దాటినా కడుపులోకి ముద్ద దిగదు. ఒళ్లంతా చెమట, చేతుల్లో వణుకు, చిరాకు. జనంలో ఉక్కగా ఉందనుకుంటారు ఇంట్లోవాళ్లు. ‘నాన్న ఊరికే విసుక్కుంటున్నాడు’ అనుకుంటారు. నిజానికి షుగర్ పడిపోతోంది. గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకూ ఇదే ముప్పు.

భోజనానికి ముందు వేసుకోవాల్సిన ఇన్సులిన్‌ను ఇంట్లో వేసుకోవద్దు. చల్లటి పౌచ్‌లో పెట్టి వెంట తీసుకెళ్లండి, ఆగి ఉన్న కారులో వదలొద్దు. భోజనం ఎదురుగా వచ్చే సమయం ఖాయమయ్యాకే, మీ డాక్టర్ చెప్పిన వ్యవధి ప్రకారం వేసుకోండి. అంతకంటే తేలిక.. ఇంట్లోనే మామూలు వేళకు ఇన్సులిన్ వేసుకుని, తినేసి వెళ్లడం. అక్కడ రెండు చెంచాల హలీమ్ రుచి చూస్తే సరిపోతుంది.

చెమట, వణుకు, తికమక కనిపిస్తే గ్లూకోమీటర్ కోసం వెతుకుతూ కూర్చోకండి. దగ్గరుంటే చూడండి. 70 కన్నా తక్కువుంటే, లేదా మీటరే లేకుంటే, వెంటనే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించండి. గ్లూకోజు లేకపోతే పక్కనున్న ఇరానీ హోటల్లో చక్కెర అడగండి, ఎవరూ కాదనరు. డైట్ కూల్‌డ్రింకు పనికిరాదు. చాక్లెట్, హలీమ్ కూడా అప్పుడు వద్దు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. పదిహేను నిమిషాలు ఆగండి. తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి.

స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. షుగర్ మాత్రలు వాడేవాళ్లయితే, తేరుకున్నా సరే ఆ రాత్రి ఆస్పత్రిలో చూపించండి. ఆ మందు ఒంట్లో ఉన్నంతసేపూ షుగర్ మళ్లీ పడిపోవచ్చు.