ఏ పనికి ఏ కామ్‌కార్డరు?

కామ్‌కార్డరు కొనబోవువారు దుకాణములో మొదట అడుగునది జూమ్ ఎన్ని రెట్లని. దేనిని చిత్రీకరించుటకు కొనుచున్నారో దుకాణదారుడు అడుగడు, కొనువారును చెప్పరు. ఊయలలోని పసిబిడ్డ, వేదికపై మూడు గంటలు సాగు కూచిపూడి నాట్యము, అరుగుమీద కూర్చుండి తొంబదియేండ్ల తాతగారు చెప్పు పూర్వపు ముచ్చటలు - ఈ మూడింటికిని ఒకే యంత్రము చక్కగా అమరుట అరుదు.

కెమెరాయును రికార్డరును ఒకటియై కామ్‌కార్డరు అయినది. 1983లో సోనీ సంస్థవారు గృహస్థులకై విడుదల చేసిన బీటామూవీని భుజముపై మోయవలసియుండెను. అది చిత్రీకరించునే కాని, తీసినదానిని తిరిగి చూపజాలకుండెను. నేడు టేపు పోయి గోరంత కార్డు వచ్చినది.

చేతిలో ఫోనుండగా వేరొక యంత్రమేల యని కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పగటివెలుగులో, దగ్గరినుండి, నాలుగైదు నిమిషములు తీయుటకు ఫోను చాలును. అంతమాత్రమునకు వేరుగా సొమ్ము వెచ్చింపుమని మేము చెప్పము. గంటలకొలది ఎడతెగక తీయవలసినపుడు ఫోను వేడెక్కి ఆగిపోవచ్చును. ఫొటో కెమెరాలలో అనేకము 29 నిమిషముల 59 సెకనులకే ఆగునట్లు తయారైనవి. అర్ధగంటయు అంతకు మించియు తీయు కెమెరాను ఐరోపాలో వీడియో కెమెరాగా ఎంచి హెచ్చు సుంకము విధించెడివారు. ఆ ఒక్క సెకను వెనుకనున్న రహస్యమదియే! కామ్‌కార్డరునకు అట్టి గడువు లేదు. అరంగేట్రము, హరికథ, పెండ్లి తీయువారికి అదియే దాని మొదటి ఉపయోగము.

ఇక జూమ్. కటకములు కదలి దూరపు వస్తువును దగ్గరచేయునది ఆప్టికల్ జూమ్. డిజిటల్ జూమ్ అట్లు కాదు. తీసిన బొమ్మలో ఒక ముక్కను సాగదీయును. పత్రికలోని బొమ్మను భూతద్దముతో చూచినచో చుక్కలు పెద్దవగునే కాని కొత్త వివరము కానరాదు గదా! కాబట్టి పెట్టెపై వందలకొలది రెట్లని వ్రాసియున్నను, ఆప్టికల్ అని వ్రాసిన అంకెనే చూడవలెను.

ఈ జూమునకును, వెలుగును గ్రహించు సెన్సర్ అను ఫలకమునకును దాయాది పోరు కలదు. సెన్సర్ చిన్నదైనచో చిన్న కటకముతోనే పెద్ద జూమ్ సాధ్యమగును. కాని మసకవెలుగులో బొమ్మపై చీమలు పారినట్లుండును. సెన్సర్ పెద్దదైనచో రాత్రి ముహూర్తమును సైతము శుభ్రముగా పట్టును. అంత జూమ్ కావలెనన్న కటకము బరువెక్కును, ధర పెరుగును. సభలో వెనుక వరుసనుండి తీయువారు జూమునకును, ఇంటిలో దీపపు వెలుగున తీయువారు సెన్సర్‌నకును సొమ్మీయవలెనని మా అభిప్రాయము. దుకాణములో వెలుగు తక్కువగానున్న మూలను తీసి, నీడలను పరీక్షించుట మంచిది.

అమెరికానుండి బంధువులచే తెప్పించుకొనువారికి ఒక మాట. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది, అచటిది 60. మన దీపములలో కొన్ని సెకనుకు 100 మారులు హెచ్చి తగ్గుచుండును. సెకనుకు 30 లేక 60 ఫ్రేములు తీయు యంత్రముతో వాటిక్రింద చిత్రీకరించినచో బొమ్మ మినుకుమినుకుమనవచ్చును. షట్టరును సెకనులో 50వ లేక 100వ వంతునకు నిలిపినచో ఇది చాలవరకు తగ్గును. కొన్నింటిలో 25, 50 ఫ్రేములకు మార్చుకొను వీలే ఉండదు, కొనకమునుపే విచారింపవలెను.

రేడియో శ్రోతలకు శబ్దమునుగూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. యంత్రములోని మైకు తాతగారి మాటకంటె పైనున్న పంకా రొదనే శ్రద్ధగా ఆలకించును. ఆయన ముఖము ఒకింత మసకబారినను ఓర్చుకొందుము; పలికినది వినబడకున్న చేయునదేమి? మరల చెప్పుమని అడుగుటకు ఆయన ఎల్లకాలముండరు. అందుచేత వేరు మైకు తగిలించు రంధ్రమును, వినుచు సరిచూచుకొనుటకు హెడ్‌ఫోను రంధ్రమును లేని యంత్రమును, ధర ఎంత తక్కువైనను, ముచ్చటలు భద్రపరచుటకు కొనరాదు. చవుక యంత్రములలో ఈ రెండును తరచుగా ఉండవు. చొక్కాకు గ్రుచ్చు చిన్న మైకు ఒకటి, ముక్కాలిపీట ఒకటి ఉన్నచో సాధారణ యంత్రముతోనైనను ఆ పని చక్కగా జరుగును.

ఫుల్ హెచ్.డి. బొమ్మలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును; 4కె బొమ్మలో దానికి నాలుగు రెట్లు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసినచో గంటకు 45 గిగాబైట్లు పట్టును. మూడుగంటల నాట్యమునకు 128 గిగాబైట్ల కార్డు సైతము చాలదు. ఇంటి కంప్యూటరు అంత బరువు మోయగలదో లేదో చూచుకొనవలెను. బ్యాటరీ మార్చుకొన వీలుండవలెను. రెండవది వెంటనే కొనవలెను. ఒకేసారి రెండు కార్డులపై వ్రాయు యంత్రములును కలవు. పెండ్లి తీయువారికి ఆ సౌకర్యము జూముకంటె విలువైనది.

ఇంటిలో పాత టేపులున్నవారు కొత్త యంత్రమునకు కేటాయించిన సొమ్ములో కొంత వాటికై తీసియుంచుట మేలు. జపానునందలి ఫునాయ్ సంస్థ 2016 జూలైలో వి.హెచ్.ఎస్. యంత్రముల తయారీని నిలిపివేసినది. టేపు చెడకున్నను దానిని త్రిప్పు యంత్రము దొరకుట నానాటికి కష్టమగుచున్నది.