దాచిన రోగం తగ్గదు

మద్యం నిషిద్ధమని మన ఇళ్లలో పసివాడికి కూడా తెలుసు. అందుకే ఇంట్లో ఒకరు ఆ ఊబిలో దిగబడితే మనం మొదట చేసేది తలుపులు మూయడం. పరువు దక్కిందనుకుంటాం, మనిషి మాత్రం లోపల కూరుకుపోతూనే ఉంటాడు.

1935లో అమెరికాలోని ఆక్రన్ నగరంలో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుడు బాధితులు ఒకరి గోడు ఒకరు విని, ఆ అండతో మద్యానికి దూరంగా ఉండగలిగారు. అలా పుట్టిన 'ఆల్కహాలిక్స్ అనానిమస్' సమావేశాలు నేడు హైదరాబాద్‌లోనూ జరుగుతున్నాయి. వాటికి రుసుము లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఇంటిపేరు చెప్పనక్కరలేదు. అక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది వారి కట్టుబాటు. సమావేశం చర్చి గదిలో జరిగినా సంకోచించనక్కరలేదు. ఆ సంఘం ఏ మతానికీ చెందినది కాదు. బాధితుల కుటుంబాల కోసం 'అల్-అనాన్' అనే వేరే బృందాలున్నాయి.

అయితే ఏళ్ల తరబడి తాగినవారు ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ వచ్చే ప్రమాదముంది. కనుక ముందు వైద్యుణ్ణి కలవాలి. కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

తొలి సమావేశానికి గడప దాటడమే కష్టం. పశ్చాత్తాపం దాసునికీ అల్లాహ్‌కూ మధ్య విషయం. ఆ గడప వరకు తోడుగా నడవడం మాత్రం మన బాధ్యత.