మతిమరుపు వ్యాధి - యంత్రపు తోడు: ధర్మాధర్మ విచారము

వార్ధక్యమున సంభవించు వ్యాధులలో మతిమరుపు వ్యాధి ప్రత్యేకమైనది. ఇతర వ్యాధులు దేహమును బాధించును. ఇది రోగికిని ఆతని వారికిని గల సంబంధమునే సడలించును. వైద్యులు దీనిని డిమెన్షియా అందురు. మెదడులోని కణములు క్రమముగా దెబ్బతినుటచే జ్ఞప్తి, భాష, వివేచన, నిత్యకృత్యములను నిర్వహించుకొను నేర్పు ఒకదాని వెనుక నొకటి తగ్గిపోవును. 2023లో ప్రకటితమైన జాతీయ పరిశోధన ప్రకారము మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షల మంది, ఈ వ్యాధికి లోనైనవారు. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె గ్రామములలోను ఇది హెచ్చని ఆ పరిశోధన తెలిపినది. పూర్తిగా నయము చేయు మందు లేదు. కావున తోడుండి చూచుకొనుటయే రోగికి ప్రధానమైన ఆధారము. ఆ తోడును యంత్రమునకు అప్పగింపవచ్చునా అనునది మన కాలమునకు వచ్చిన ప్రశ్న.

ఈ ప్రశ్న దూరదేశములకు మాత్రమే చెందినది కాదు. మహారాష్ట్రమున చంద్రపూర్ నగరమునుండి తాడోబా అడవికి పోవు మార్గమున పద్మాపూర్ కలదు. ఆ పేరనే వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థవారి ఓపెన్‌కాస్టు బొగ్గుగని వెలసినది. 1973లో బొగ్గుగనులు జాతీయము గావింపబడి, 1975లో ఈ సంస్థ ఏర్పడినది. ఆ దినములలో యువకులుగా గనులలో చేరిన తరము నేడు 70 ఏండ్లు దాటినది. గనులను, బల్లార్పూర్ కాగితపు మిల్లును ఆశ్రయించి తెలుగు జిల్లాలనుండి వచ్చి ఈ ప్రాంతమున స్థిరపడిన కుటుంబములు పెక్కు. వీరికి పనిలో హిందీ, బజారులో మరాఠీ, ఇంట తెలుగు. పదవీ విరమణతో కంపెనీ క్వార్టరు విడువవలసి వచ్చును. పిల్లలు ఉద్యోగములకై నాగపూరో, పూనాయో, హైదరాబాదో చేరుదురు. ఇట్టి యింట మతిమరుపు ప్రవేశించినచో, రోగిని తెలుగున పలుకరించువారే కరవగుదురు.

భాష ఇచ్చట చిన్న విషయము కాదు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందము 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఒక పరిశోధనను ప్రకటించినది. ఒకే భాష తెలిసినవారికంటె, రెండు లేక అంతకు మించిన భాషలు మాటలాడువారికి ఈ వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా పొడసూపినదని వారు కనుగొనిరి. చదువురాని వారియందును ఈ భేదము కానవచ్చినది. ఐనను వ్యాధి ముదిరిన పిదప పెక్కుమందిలో తరువాత నేర్చిన భాషలు ముందుగా జారిపోయి, తల్లిభాషయే మిగులుట కలదు. అప్పుడు హిందీ, మరాఠీలు మాత్రమే వచ్చిన సేవకురాలు ఎంత మంచిదైనను రోగికి పరాయిదిగనే తోచును.

యంత్రపు తోడు ఎట్టిది? జపాను శాస్త్రజ్ఞుడు తకనోరి షిబాతా 1993నుండి కృషి చేసి, సీలు అను సముద్రజంతువు పిల్లను పోలిన పారో అను మరబొమ్మను రూపొందించెను. నిమిరినచో అది కనులు మూసి తెరచును, తల త్రిప్పును, కూయును. 2017లో ప్రకటితమైన ఆస్ట్రేలియా పరిశోధన యొకటి 28 వృద్ధాశ్రమములలో 415 మందిపై దీనిని పరీక్షించినది. పారో దగ్గరనున్నవారిలో సంతోషము పెరిగి, ఆందోళన కొంత తగ్గినది. కాని అదే ఆకారము గల, కదలని దూదిబొమ్మతో పోల్చి చూడగా భేదము స్వల్పమే. దీనినిబట్టి రోగికి కావలసినది యంత్రములోని తెలివికంటె చేతికందు మెత్తని స్పర్శయేమో అని ఆలోచింపవలసియున్నది.

పద్మాపూర్ వంటి ఊళ్లకు వచ్చునది ఈ ఖరీదైన బొమ్మ కాకపోవచ్చును. చేతిఫోనులో తెలుగున బదులిచ్చు కృత్రిమ స్వరమే రావచ్చును. దానికి విసుగు లేదు. ఒకే ప్రశ్న నూరుమార్లు అడిగినను నూరుమార్లు బదులిచ్చును. రాత్రింబవళ్లు కంటికి కునుకులేని ఇంటి కోడలికి ఇది ఎంత ఊరటయో తేలికగా తీసివేయరాదు. అట్టి యంత్రమునకు మనసు కట్టువడుట రోగుల బలహీనత మాత్రమే యనుటయు సరికాదు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అను సంభాషణ యంత్రవిధానమును ప్రకటించెను. అది కేవల మొక కూర్పు అని తెలిసియు ఆరోగ్యవంతులే దానితో మనసు విప్పి మాటలాడుట చూచి ఆతడు కలతచెందెను.

ఇచ్చట రెండు పక్షములు కలవు. రాబర్ట్ స్పారో అను తత్త్వవేత్త, మరబొమ్మ ప్రాణి యని నమ్మినప్పుడే వృద్ధునికి దానివలన ఆనందము కలుగును గనుక అది మోసముపై నిలిచిన ఆనందమని 2002లో ఆక్షేపించెను. రెండవ పక్షమువారు, రోగి భయము నిజమైనప్పుడు ఆ భయమును తీర్చిన ఊరటయు నిజమే యందురు. రెండింటను సత్యము కలదు. వీనిని తూచుటకు మన భారతకథ తోడ్పడును.

స్త్రీపర్వమున, పుత్రశోకముతో నున్న గ్రుడ్డిరాజు ధృతరాష్ట్రుడు భీముని కౌగిలింపగోరగా, శ్రీకృష్ణుడు ఇనుప ప్రతిమను ముందుంచెను. రాజు దానిని నలిపి, భీముడు మరణించెనని విలపించెను. కృష్ణుడు వెంటనే నిజము తెలిపి, రాజును ఓదార్చి, హితము చెప్పెను. వృద్ధుని ముందు బొమ్మను నిలుపుట అచ్చట దోషము కాలేదు. ఏలయన, ఆ మాయ రక్షణకై పుట్టినది, క్షణకాలమే నిలిచినది, దానిని కల్పించినవాడు ఎదుటనే యుండి దానికి బాధ్యత వహించెను. మతిమరుపు రోగికి మరునాడు నిజము చెప్పినను అది నిలువదు. కావున మాయను కల్పించినవారి బాధ్యత ఇచ్చట మరింత పెరుగును.

విశ్రాంత గని కార్మికుడొకడు అర్ధరాత్రమున లేచి షిఫ్టుకు వేళయినదని తలుపు తీయబోవుచున్నాడనుకొందము. భార్య “ఈరోజు సెలవు, పండుకొనుము” అనును. అదియు అసత్యమే. కాని ఆమె ఆతని ముఖము చూచి ఆ మాట ననుచున్నది. ఆతడు ఒప్పుకొననిచో మాట మార్చును. ఆకలియో, నొప్పియో కారణమేమో యని విచారించును. తానాడిన అసత్యపు బరువు తానే మోయును. యంత్రము అదే మాట పలుకగలదు, ఆ బరువును మోయలేదు. కావున ఆ బరువు దానిని తెచ్చి పెట్టినవారిదే.

దీనినుండి కొన్ని నియమములు తేలుచున్నవి. వ్యాధి తొలిదశలో రోగికి వివేచన యున్నప్పుడే ఆతని యిష్టము నడుగవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, తనకు ఎట్టి సంరక్షణ కావలెనో, ఎట్టిది వలదో ముందుగా వ్రాసియిచ్చు హక్కును కల్పించినది. మరణించిన భార్య కంఠమునో, దూరముననున్న కుమారుని కంఠమునో యంత్రముచే పలికింపరాదు. బొమ్మను బొమ్మగా ప్రేమించుట వేరు, లేని మనిషిని ఉన్నట్లు చూపుట వేరు. రోగి యంత్రముతో చెప్పుకొను మాటలు ఎవరికి చేరుచున్నవో ఇంటివారు తెలిసికొనవలెను. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఇందులకే పుట్టినది. యంత్రమును చూచి రోగి బెదరినను, విసిరికొట్టినను, అదియు ఒక సమాధానమే యని గ్రహించి దానిని తొలగింపవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది, యంత్రమువలన మిగిలిన సమయము ఎచ్చటికి పోయినదను విచారణ. గంటసేపు యంత్రము రోగిని మరపించినప్పుడు కోడలు నిద్రించి, ఓపికతో తిరిగివచ్చి ఆతనికి అన్నము తినిపించినచో అది ధర్మమే. అదే గంటను చూచి కుమారుడు “నాన్నకు తోడున్నది గదా” యని ఆ నెల ప్రయాణము మానుకొనినచో అది అధర్మము. యంత్రము రెండు పర్యాయములును ఒక్కటే, భేదము మనుష్యులలోనిది. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము భరణమును ఇప్పింపగలదు గాని, ప్రక్కన కూర్చుండు మనిషిని ఇప్పింపజాలదు.

తెలుగు సంఘములు ఇందు చేయదగిన పని కలదు. వృద్ధులు చక్కగా మాటలాడగలిగిన కాలముననే వారి ఊరిపేర్లు, చుట్టరికములు, పని అనుభవములు, ఇష్టమైన పాటలు వారి నోటనే చెప్పించి పదిలపరుపవలెను. వారమున కొకమారైనను వంతులవారిగా ఇద్దరు సభ్యులు అట్టి యిండ్లకు పోయి తెలుగున పలుకరింపవలెను. ఆ పలుకరింపునకు యంత్రము సాధనమైనచో రానిండు. దానికి మారుగా వచ్చినచో గడప బయటనే నిలుపవలెను.