సొమ్ము రాని హుండీ – ఫ్రెంచి చట్టంలో ‘ప్రొతే’

యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉండేది. ఆ కాలపు వ్యాపార పత్రాలు చదివేవారికి ‘ప్రొతే’ అనే మాట ఎదురు కావచ్చు. గడువు నాటికి హుండీ సొమ్ము అడిగినా రాలేదని అధికారి సాక్ష్యంగా రాసే పత్రమిది. దీన్ని ఉత్త నోటీసుగా భావించరాదు.

1807 నాటి ఫ్రెంచి వాణిజ్య సంహిత ఈ విషయంలో చాలా కఠినం. గడువు తీరిన మరునాడే ప్రొతే జరగాలి. ఆ రోజు సెలవైతే మర్నాడు. చెల్లించవలసినవాడు చనిపోయినా, దివాలా తీసినా ఇది తప్పదు. ఇద్దరు నోటరీలు గాని, ఇద్దరు సాక్షులతో ఒక నోటరీ లేదా ‘ఉయిసియే’ (మన కోర్టు అమీనా వంటివాడు) గాని అతని ఇంటికి వెళ్లాలి. హుండీలోని రాత, అంగీకారం, వెనుకనున్న ఎండార్సుమెంట్లు పొల్లు పోకుండా ఎత్తి రాయాలి. ఆసామి ఇంట ఉన్నాడా, ఎందుకు ఇవ్వనన్నాడు, సంతకం చేయలేకపోయాడా, చేయనన్నాడా అన్నవీ రాయాలి. నకలు అక్కడ వదిలి, మొత్తం పత్రాన్ని తేదీల వరుసన రిజిస్టరులో ఎక్కించాలి. ఈ పని తప్పిన అధికారికి ఉద్యోగమే పోతుంది. పరిశోధకులకు ఈ నియమం వరమనే చెప్పాలి. చిట్టాలో బాకీ అంకె మాత్రమే మిగులుతుంది; ప్రొతేలో బాకీదారు చెప్పిన జవాబు కూడా ఉంటుంది.

ఇంత పట్టింపు ఎందుకు? పాండిచ్చేరి వర్తకుడొకడు యానాం వర్తకుడి మీద హుండీ రాశాడనుకుందాం. అది ముగ్గురి చేతులు మారి మీకు వచ్చింది. వెనుక సంతకం చేసిన ఆ ముగ్గురూ మీకు పూచీదార్లే. ప్రొతే ఒక్కరోజు ఆలస్యమైతే ముగ్గురూ జారిపోతారు. హుండీ రాసినవాడు సైతం, చెల్లింపుకు తగిన సొమ్ము ముందే సమకూర్చానని రుజువు చేస్తే తప్పించుకుంటాడు. ఇక మిగిలేది అంగీకరించి కూడా ఇవ్వని ఆ యానాం వర్తకుడొక్కడే!

జెనీవా ఒప్పందాలను అనుసరించి 1935లో ఫ్రాన్సు ఈ చట్టాన్ని తిరగరాసింది. ఇప్పుడు నిర్ణీత తేదీ హుండీకి గడువు తరువాతి రెండు పనిదినాల్లో ప్రొతే చేయించవచ్చు. ‘ఖర్చు లేకుండా’ అనే అర్థంలో ‘సాన్ ఫ్రే’ అని హుండీ మీదే రాసి ఉంటే ఆ అవసరమూ ఉండదు.

చెక్కు సంగతి వేరు. ఫ్రాన్సు ప్రధాన భూభాగంలో రాసి అక్కడే చెల్లవలసిన చెక్కును 8 రోజుల్లో బ్యాంకుకు చూపాలి; ప్రొతే కూడా ఆ గడువులోనే. అయితే ఆచరణలో తేలికైన దారి మరొకటి ఉంది. మొదట చూపిన 30 రోజుల తరువాత మళ్లీ చూపినా సొమ్ము రాకపోతే, బ్యాంకు ధ్రువపత్రం ఇస్తుంది. అధికారి ద్వారా దాన్ని బాకీదారుకు అందజేసిన 15 రోజుల్లో చెల్లింపు జరగకపోతే, దావా లేకుండానే వసూలుకు దిగవచ్చు.

నిధులు లేని చెక్కు ఇవ్వడాన్ని ఫ్రాన్సు 1991 చట్టంతో నేరాల నుంచి తొలగించింది. విచిత్రమేమంటే, అంతకు రెండేళ్ల ముందే, 1989లో, అమలుకు వచ్చిన 138వ సెక్షనుతో మన దేశం దాన్ని నేరం చేసింది. యానాంలో నేడు వర్తించేది ఇదే. చెక్కు తిరిగొచ్చినట్లు బ్యాంకు తెలిపిన 30 రోజుల్లో రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో సొమ్ము రాకపోతే, ఆపై నెల లోపల కోర్టులో ఫిర్యాదు చేయాలి.